గాయం తగ్గాక మళ్లీ పరుగు: మొదటి నిమిషం నుంచి మొదటి రేసు వరకు

“నొప్పి తగ్గిపోయిందండీ, రేపటి నుంచి పరిగెత్తొచ్చా?” జూన్ వచ్చిందంటే ఈ ప్రశ్న ఎక్కువవుతుంది. ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది. డబ్బు కట్టేసి ఉంటారు. ఈలోగా మోకాలో, మడమో మొరాయించి ఉంటుంది.

ఉద్యోగం చేసుకుంటూ వారానికి మూడు నాలుగు రోజులు పరిగెత్తేవాళ్ల కోసమే ఈ మార్గదర్శి. మొదటిసారి దెబ్బ తగలడం కంటే, తగ్గిందనుకుని తిరిగి మొదలుపెట్టినప్పుడు మళ్లీ దెబ్బ తినేవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. కారణం పెద్ద రహస్యమేం కాదు. కొన్ని వారాల్లోనే ఊపిరి దారిలో పడుతుంది. కాలి నరాలకు (అంటే కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లకు), ఎముకలకు నెలలు కావాలి. ఆయాసం రావడం లేదు కదా అని దూరం పెంచేస్తాం, కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. కింద ఉన్న వరుసంతా ఆ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసిందే.

## 1. ముందు నొప్పి ఎక్కడో తేల్చుకోండి

“కాలు నొప్పి” అంటే సరిపోదు. ఏ చోట, ఏ సమయంలో, ఏం చేస్తే వస్తోంది? ఈ మూడింటికీ జవాబు రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది ఇదే. మామూలు రన్నర్లకు ఎక్కువగా వచ్చేవి ఐదు.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగేటప్పుడు, సినిమా హాల్లో రెండు గంటలు కూర్చుని లేచేటప్పుడు తెలుస్తుంది. వేలుపెట్టి ఫలానా చోట అని చూపించలేరు. తొడ, తుంటి కండరాల బలం చాలనప్పుడు, దూరం ఒక్కసారిగా పెంచినప్పుడు వస్తుంది. పూర్తిగా మంచం ఎక్కాల్సిన పని లేదు. దూరం తగ్గించి, బలం పెంచే కసరత్తు చేస్తే చాలామందికి తగ్గుతుంది.

మోకాలి బయటివైపు నొప్పి. దీని తీరు వేరు. మొదటి 3 కిలోమీటర్లు ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒక దూరం దగ్గర ఠక్కున పట్టుకుంటుంది. నడిస్తే పోతుంది, పరిగెడితే మళ్లీ వస్తుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు మరీ ఎక్కువ. ఇక్కడ “ఇంకొంచెం ఓర్చుకుంటే పోతుంది” అనే లెక్క పనిచేయదు. నొప్పి మొదలయ్యే దూరానికి ముందే ఆగడం నేర్చుకోవాలి.

కాలి ముందు ఎముక లోపలి అంచు నొప్పి. రన్నర్లందరూ షిన్ పెయిన్ అనేది దీన్నే. మోకాలికీ చీలమండకీ మధ్య, ఎముక లోపలి అంచు వెంబడి పొడవునా నొక్కితే నొప్పిగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఇది బాగా ఎక్కువ.

ఇక్కడే జాగ్రత్త పడాలి. నొప్పి నాలుగు వేళ్ల వెడల్పు కంటే ఎక్కువ మేర పరుచుకుని ఉంటే అది ఎముక పైపొర మీద ఒత్తిడి వల్ల వచ్చింది కావచ్చు. ఒక వేలు మోపినంత చోట మాత్రమే పదునుగా పొడిస్తే, ఒంటికాలి మీద గెంతినప్పుడు అక్కడే కలుక్కుమంటే, రాత్రి పడుకున్నాక కూడా సలిపితే ఎముకలో సన్నని చీలికను అనుమానించాలి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. “ఎక్స్‌రే బాగుంది, అందుకే పరిగెత్తాను” అనేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. అనుమానం ఉంటే ఎంఆర్ఐ అవసరమా అని ఆర్థో డాక్టర్‌ను అడగండి.

మడమ వెనక నరం. పొద్దున లేవగానే బిర్రుగా ఉంటుంది, కాస్త నడిచాక సర్దుకుంటుంది. పరుగు మొదట్లో నొప్పి, మధ్యలో మాయం, మర్నాడు రెట్టింపు. మధ్యలో మాయమవడం చూసే మోసపోతారు. కొండలు, స్పీడు, మెత్తటి ఇసుక దీనికి శత్రువులు.

మడమ కింద నొప్పి. మంచం దిగి వేసే మొదటి నాలుగు అడుగులు నరకం, తర్వాత తగ్గుతుంది. ఇంట్లో గట్టి గచ్చు మీద వట్టికాళ్లతో తిరగడం దీన్ని ఇంకా లాగుతుంది. తగ్గేదాకా ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. పెద్దవాళ్లు ఏమైనా అంటే పూజగది దగ్గర విప్పేస్తే సరి.

## 2. ఈ లక్షణాలు ఉంటే ఇక్కడే ఆగి డాక్టర్‌ను కలవండి

- మామూలు నడకలోనే కుంటుతున్నారు
- కీలు వాచింది, లేదా మోకాలు మధ్యలో బిగుసుకుపోతోంది, ఉన్నట్టుండి జారిపోతోంది
- ఎముక మీద ఒకే చోట నొప్పి, రాత్రిపూట కూడా ఉంటోంది
- పిక్క దగ్గర “టప్” మని వినిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతున్నారు
- ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉంది
- తుంటి లోతుల్లో, గజ్జల్లో నొప్పి, బరువు మోపితే పెరుగుతోంది
- పరుగులో ఛాతీ పట్టేయడం, కళ్లు తిరగడం, మామూలుగా లేని ఆయాసం

చివరిదానికి ఫిజియో కాదు, వెంటనే ఆసుపత్రి. ఒకే పిక్క వాపుకు కూడా ఆలస్యం వద్దు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ఆడవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. దూరం పెంచాక నెలసరి ఆగిపోయిందంటే శరీరానికి తిండి చాలడం లేదేమోనని అనుమానించాలి. దాని తర్వాత దెబ్బ తగిలేది ఎముకకే. ప్రసవం తర్వాత పరుగుకు కనీసం 12 వారాలు ఆగండి. సిజేరియన్ అయినా, మామూలు కాన్పు అయినా డాక్టర్ సరే అన్నాకే.

ఏ నొప్పో తేలకుండా గట్టిగా మసాజ్ చేయించుకోకండి. కండరం పట్టేసినప్పుడు మసాజ్ హాయిగా ఉంటుంది కానీ, ఎముక చీలిక మీద అదే పని చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

## 3. పరుగు లేని రోజుల్లో ఏం చేయాలి

ముందు ఒక ఊరట. పది రోజుల పాటు పరుగు మానేసినా దమ్ము పెద్దగా తగ్గదు. రెండు వారాలు దాటాకే తగ్గుదల తెలుస్తుంది. అందుకే వారం ఆగాల్సిన నొప్పిని బలవంతంగా లాగి మూడు నెలలు చేసుకోవడం తెలివైన పని కాదు.

పరుగు టైమును మాత్రం వదలకండి. పొద్దున 5:30కు లేచే అలవాటు ఒకసారి పోతే తిరిగి రావడం కష్టం. అదే సమయంలో వేరే పని పెట్టుకోండి:

- నొప్పి లేకుండా కుదిరితే సైకిల్. మోకాలి చిప్ప నొప్పికి సీటు కాస్త ఎత్తు పెట్టుకోవాలి.
- ఈత, లేదా లోతు నీళ్లలో కాళ్లు నేలకు తగలకుండా పరుగు.
- నొప్పి లేని భాగాలకు బలం కసరత్తు. మడమ బాగాలేకపోతే నడుముకు, తుంటికి ఏమైంది?
- కుంటకుండా నడవగలిగితే నడక.

తిండి తగ్గించొద్దు. “పరుగు లేదు కదా, బరువు పెరుగుతాను” అని రాత్రి భోజనం మానేసేవాళ్లు చాలామంది. గాయం మానడానికీ సరుకు కావాలి. పప్పు, గుడ్లు, పెరుగు, పల్లీలు, సెనగలు, తినేవాళ్లకు చేపలు, చికెన్ రోజూ ఏదో ఒక రూపంలో ఉండాలి. ఏసీ ఆఫీసులోనే రోజంతా గడిపేవాళ్లు, ఎముక గాయం అయినవాళ్లు విటమిన్ డి పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. నిద్ర ఏడు గంటలకు తగ్గనివ్వకండి.

## 4. మొదటి అడుగుకు ముందు పరీక్ష

నొప్పి లేదు అనిపించడం వేరు, పరుగుకు సిద్ధంగా ఉండడం వేరు. నడకలో కాలి మీద పడే భారం ఒంటి బరువుకు కాస్త అటూ ఇటూ. పరుగులో ప్రతి అడుగుకూ రెండు మూడు రెట్లు. కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు వేస్తామని గుర్తుంచుకుంటే, నడకలో నొప్పి లేదన్న ధీమా ఎందుకు చాలదో తెలుస్తుంది.

ఇవన్నీ నొప్పి లేకుండా చేయగలగాలి:

- 45 నిమిషాల వేగం నడక, మర్నాడు కూడా నొప్పి లేకుండా
- రెండంతస్తులు మెట్లెక్కి దిగడం, రెయిలింగ్ పట్టుకోకుండా
- ఒంటికాలి మీద 30 సెకన్లు కదలకుండా నిలబడడం
- ఒంటికాలి మీద మునివేళ్లపై లేచి దిగడం, వరుసగా 20 సార్లు. రెండు కాళ్లకూ సమానంగా రావాలి
- తక్కువ ఎత్తు మెట్టు మీద నుంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగడం 10 సార్లు, మోకాలు లోపలికి వాలకుండా
- దెబ్బ తగిలిన కాలి మీద ఉన్నచోటే 10 గెంతులు

ఏ ఒక్కటి తప్పినా ఇంకో వారం నడక, కసరత్తు, ఆ తర్వాత మళ్లీ పరీక్ష. చీలిక అని తేలిన ఎముకకు మాత్రం ఈ పరీక్ష ఒక్కటే చాలదు. గెంతడానికి కూడా ముందు డాక్టర్ అనుమతి కావాలి.

## 5. నొప్పి కొలబద్ద

సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనిది. ప్లాన్ మొదలుపెట్టాక ప్రతి పరుగుకూ మూడు సార్లు మార్కు వేయండి: పరిగెడుతున్నప్పుడు, ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున లేవగానే.

- 0–2: సాగించండి.
- 3–5: ఆ రోజు పెంచకండి. మర్నాటికి మామూలు స్థాయికి దిగితే అదే వారం మళ్లీ చేయండి.
- 5 దాటితే: అక్కడే ఆపి నడిచి ఇంటికి రండి. ఆటో ఎక్కినా తప్పులేదు, జేబులో 100 రూపాయలు ఉంచుకోండి.
- ఏ అంకె అయినా సరే, అడుగు తీరు మారితే, అంటే కుంటడం మొదలైతే, ఆపేయాలి.

మూడింటిలో మర్నాడు పొద్దున వేసే మార్కుకే ఎక్కువ విలువ. పరుగు వేడిలో శరీరం నొప్పిని దాచిపెడుతుంది. ఈ కొలబద్ద కండరాలకు, నరాలకు మాత్రమే. ఎముక మీద నొప్పికి 1 వచ్చినా ఆగాలి.

## 6. ఎనిమిది వారాల ప్లాన్

వారానికి మూడు రోజులు. మధ్యలో ఒక రోజు తప్పనిసరి విరామం. ప్రతిసారీ ముందు 5 నిమిషాలు, చివర 5 నిమిషాలు నడక, అది ఈ లెక్కలో లేదు. “× 8” అంటే ఆ జతను ఎనిమిది సార్లు చేయాలని.

- వారం 1: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక × 8
- వారం 2: 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక × 6
- వారం 3: 3 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక × 5
- వారం 4: 5 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక × 4
- వారం 5: 8 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక × 3
- వారం 6: 12 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక × 2
- వారం 7: 20 నిమిషాలు ఆపకుండా
- వారం 8: మొదటి రెండు రోజులు 25 నిమిషాలు, మూడో రోజు 30

ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు వారాల లోపు ఆగినవాళ్లకు ఈ ప్లాన్ అక్కర్లేదు. పాత దూరంలో సగంతో మొదలుపెట్టి రెండు వారాల్లో మామూలు స్థాయికి రావచ్చు. రెండు నుంచి నాలుగు వారాలు ఆగినవాళ్లు నాలుగో వారం నుంచి, అంతకంటే ఎక్కువ ఆగినవాళ్లు మొదటి వారం నుంచి. మూడు నెలలు దాటినా, ఎముకకు గాయమైనా ఒక్కో వారాన్ని రెండేసి సార్లు చేయండి.

మూడో వారం దగ్గర ఒక చిక్కు వస్తుంది. ఊపిరి సునాయాసంగా ఉంటుంది, రెండు మూడు నిమిషాల పరుగు సిగ్గుగా అనిపిస్తుంది, పక్కన అంకుల్స్ నడుస్తూనే దాటిపోతుంటారు. ఈ దశలో రెండు వారాలు దాటేసి ముందుకు దూకేవాళ్లే మళ్లీ వెనక్కి వస్తారు. ఒత్తిడి పడిన ఎముకను శరీరం ముందు కొంత తొలుస్తుంది, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. తొలిచే పని కొన్ని వారాల్లో అయిపోతుంది, కట్టే పని నెలల తరబడి సాగుతుంది. అంటే మొదలుపెట్టిన తొలి నెలలో ఎముక క్యూరింగ్ కాని స్లాబు లాంటిది. పైకి గట్టిగానే కనిపిస్తుంది.

మధ్యలో జ్వరం, పెళ్లి, ఊరి ప్రయాణం వచ్చి ఒక వారం పోతే ఒక మెట్టు కిందికి దిగి అక్కడి నుంచి కొనసాగించండి. పోయిన పరుగులను వారాంతంలో కలిపి చేయకండి.

## 7. పరుగు రోజు

వేగం. పక్కన మనిషి ఉన్నట్టు రెండు మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలగాలి. ఒక్కో మాటకు రొప్పుతుంటే తగ్గించండి. వాచీలో పేస్ (కిలోమీటరుకు పట్టే నిమిషాలు) కనిపించే స్క్రీన్ తీసేసి టైము మాత్రమే ఉంచుకుంటే ఇంకా మంచిది.

అడుగు. పొడుగు అడుగులు వేసి మడమను ముందుకు విసరడం మోకాలికి భారం. అడుగుల పొడవు కాస్త తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచండి. 160 ఉంటే 168 నుంచి 176 దాకా. అందరూ 180 వేయాలన్న మాట పట్టించుకోకండి.

నేల. మొదటి నాలుగు వారాలు సమతలంగా ఉన్న చోటు వెతకండి. స్కూలు గ్రౌండ్, కాలేజీ మైదానం, హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు, విశాఖలో పొద్దునపూట వాహనాలు ఆపే ఆర్కే బీచ్ రోడ్డు బాగుంటాయి. బీచ్ రోడ్డు అన్నాను, బీచ్ అనలేదు. మెత్తటి ఇసుక పిక్కనూ, మడమ నరాన్నీ పీకేస్తుంది. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాలు తర్వాత చూసుకోవచ్చు. మామూలు రోడ్లు అంచుల వైపు వాలి ఉంటాయి. ఎప్పుడూ ఒకే పక్కన పరిగెడితే ఒక కాలి మీదే భారం పడుతుంది, అందుకే ఖాళీ రోడ్డయితే వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకే అంచున రండి.

బూట్లు. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. మూడేళ్ల నాటి జతతో మళ్లీ మొదలుపెట్టకండి. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. 15 వేల కార్బన్ ప్లేట్ బూటు గాయం తగ్గించదు. కాలికి హాయిగా ఉన్న 4 వేల బూటు చాలు.

ఎండ, నీళ్లు. మార్చి నుంచి జూన్ దాకా తెల్లారక ముందే ముగించేయండి. వేడికి శరీరం అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో మెట్టు ఎక్కొద్దు. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఎండ కంటే ఉక్క ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 30 నిమిషాల పరుగుకు ముందు గ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ సరిపోతాయి.

కుక్కలు. చీకట్లో ఇదీ ఒక సమస్యే. వెంటపడితే పరిగెత్తకండి. ఆగి, కాసేపు కదలకుండా నిలబడి, తర్వాత నెమ్మదిగా నడిచి దాటండి. కరిస్తే పుండును సబ్బుతో 15 నిమిషాలు నీటి ధార కింద కడిగి అదే రోజు టీకా.

## 8. బలం కసరత్తు

వారానికి రెండు రోజులు, 25 నిమిషాలు. పరుగు రోజుల్లోనే సాయంత్రం చేస్తే విరామం రోజు నిజంగా విరామంగా ఉంటుంది. దీన్ని దాటవేసి సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. స్ట్రెచింగ్ హాయినిస్తుంది, గాయాన్ని ఆపేది మాత్రం బలమే.

- మునివేళ్ల మీద లేవడం: 15 × 3 (15 సార్లు చొప్పున మూడు విడతలు)
- కుర్చీ ఎత్తు వరకు గుంజీలు: 12 × 3. తేలికైతే భుజాన సంచిలో 5 కిలోల బియ్యం
- మెట్టు దిగడం, ఒంటికాలితో: 10 × 3
- వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం: 15 × 3
- పక్కకు పడుకుని మోచేతి మీద శరీరం ఎత్తి ఉంచడం: 30 సెకన్లు × 3

మడమ వెనక నరం బాధ ఉన్నవాళ్లకు విడిగా ఒకటి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలితో మాత్రమే నెమ్మదిగా మడమను కిందికి దించాలి. 15 × 3, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. విసుగు పుట్టిస్తుంది. మూడో వారానికి ఫలితం లేదని మానేయడమే ఇందులో జరిగే పెద్ద తప్పు. నొప్పి మడమ ఎముకకు అతుక్కునే చోటే ఉంటే మడమను మెట్టు కంటే కిందికి దించకూడదు, నేల మీదే చేయాలి.

## 9. మళ్లీ దెబ్బ తినే చోట్లు, సర్దుకునే దారులు

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ నొప్పిని దాచేస్తాయి, కొలబద్ద పనికిరాకుండా పోతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకూ ప్రమాదం. పరుగుకు ముందు మాత్ర కావాల్సి వస్తోందంటే ఆ రోజు పరుగు లేదు.

ఆదివారం ఒక్కటే పెద్ద పరుగు. వారమంతా ఆఫీసు, ఆదివారం గ్రూపుతో 15 కిలోమీటర్లు. వారం మొత్తం లెక్క తక్కువే కాబట్టి ఫరవాలేదనుకుంటారు. గాయం చేసేది ఆ ఒక్క పరుగే. గత 30 రోజుల్లో మీరు పరిగెత్తిన అతి పొడవైన దూరం చూసుకోండి, దాని మీద 10 శాతం మించొద్దు. 10 చేసి ఉంటే 11.

దూరం, వేగం, ఎత్తు ఒకేసారి పెంచడం. ముందు దూరం, ఆ తర్వాత ఎక్కుడు, తర్వాత వేగం, అన్నిటికంటే చివర దిగుడు. ఒక వారంలో ఒకటే మారాలి.

ఒక కాలిని కాపాడుతూ ఇంకో కాలికి తెచ్చుకోవడం. కుడి మోకాలు తగ్గి ఎడమ పిక్క మొదలైందంటే మీకు తెలియకుండానే కుంటుతున్నారు. ఎవరినైనా వెనక నుంచి ఫోన్‌లో 20 సెకన్ల వీడియో తీయమనండి. తుంటి ఒకవైపు వాలడం కంటికే కనిపిస్తుంది.

వారానికో సలహాదారుడు. ఒకరు బెల్టు అంటారు, ఇంకొకరు వట్టికాళ్ల పరుగు అంటారు, మరొకరు నూనె అంటారు. ఒక ఫిజియోను ఎంచుకుని ఆరు వారాలు వాళ్ల మాటే వినండి. మంచం మీద పడుకోబెట్టి మెషీన్ పెట్టి పంపేవాళ్ల కంటే మీ చేత కసరత్తు చేయించి, లెక్క రాసిచ్చేవాళ్లు మేలు.

## 10. మనసు మొరాయించినప్పుడు

గాయం కంటే ఇదే ఎక్కువమందిని ఆపేస్తుంది. కాలు నయమై కూడా పొద్దున లేవబుద్ధి కాకపోవడం బద్ధకం కాదు. మీ మిత్రులు, మీ పలకరింపులు, పరుగు తర్వాత తాగే టీ అన్నీ ఒక్కసారిగా పోయాయి. దాన్ని దాన్నిగానే చూసి సర్దుకోవాలి.

గ్రూపును పూర్తిగా వదలకండి, అలాగని రోజంతా చూడకండి. వాట్సాప్‌లో మెడల్ ఫోటోలు బాధపెడితే మ్యూట్ చేయండి, బయటికి మాత్రం రాకండి. ఆదివారం లాంగ్ రన్‌కు నీళ్లు, అరటిపళ్లు పట్టుకుని నిలబడే మనిషి ఎప్పుడూ కావాలి. ఆ పని తీసుకోండి. టీ మీకూ దొరుకుతుంది.

పాత మిమ్మల్ని పక్కన పెట్టండి. పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్ తెరవగానే “ఇదే దారిలో నిరుడు 5:40, ఇప్పుడు 7:50” అని చూపిస్తుంది. ఎనిమిది వారాలు కొత్త నోట్‌బుక్‌లో రాసుకోండి: తేదీ, నిమిషాలు, మూడు నొప్పి మార్కులు. పేస్ రాయొద్దు.

లక్ష్యం గుమ్మం దాకా. బద్ధకంగా ఉన్న రోజు “30 నిమిషాలు పరిగెత్తాలి” అనుకోకండి. బూట్లు వేసుకుని పది నిమిషాలు నడవాలి, అంతే. పది నిమిషాల తర్వాత కూడా వద్దనిపిస్తే తిరిగి వచ్చేయండి, ఆ రోజు శరీరానికి నిజంగానే విశ్రాంతి కావాలి. బట్టలు, బూట్లు, తాళం రాత్రే ఒక చోట పెట్టుకోవడం చిన్న విషయంలా ఉంటుంది కానీ చీకట్లో సాక్స్ వెతుక్కోవడం చాలామందిని మళ్లీ పడుకోబెట్టింది.

ఇంట్లోవాళ్ల మాటలు. “ఈ వయసులో నీకెందుకమ్మా పరుగులు, మోకాళ్లు అరిగిపోతాయి” అన్నది ప్రతి ఇంట్లో వినిపించేదే. సరదాకు పరిగెత్తేవాళ్లలో మోకాలి అరుగుదల కదలకుండా కూర్చునేవాళ్లకంటే ఎక్కువని పరిశోధనలు చూపించలేదు. ఇంకా తక్కువేనని చెప్పినవి ఉన్నాయి. ఈ మాట వాదించి గెలవడానికి కాదు, మీకు మీరే అనుమానపడినప్పుడు గుర్తుచేసుకోవడానికి. ఇంట్లో గెలవాలంటే పరుగు నుంచి వచ్చి పిల్లల టిఫిన్ బాక్సు మీరు కట్టండి.

తోడు. చీకట్లో ఒంటరిగా వెళ్లలేని ఆడవాళ్లకు మోటివేషన్ కొటేషన్లు పనికిరావు, తోడు కావాలి. మీ అపార్ట్‌మెంట్‌లోనే నడిచేవాళ్లను అడగండి. నడక-పరుగు ప్లాన్‌లో మొదటి నాలుగు వారాలు నడిచేవాళ్లతో కలిసే చేయొచ్చు.

దిగులు రెండు వారాలు దాటి, నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస పోతే అది పరుగు సమస్య కాదు. మనసు డాక్టర్‌తో మాట్లాడండి, మోకాలికి ఆర్థో దగ్గరికి వెళ్లినంత మామూలుగా.

## 11. రేసుకు ఎప్పుడు పేరివ్వాలి

ఎనిమిదో వారం పూర్తై, తర్వాత నెల రోజులు వారానికి మూడు సార్లు 30 నుంచి 40 నిమిషాలు నొప్పి లేకుండా పరిగెత్తాక 5కె గానీ, 10కె గానీ ఆలోచించండి. హాఫ్ మారథాన్ అంటే 21.1 కిలోమీటర్లు, దానికి ఆపైన ఇంకో మూడు నాలుగు నెలలు. అంటే ఏప్రిల్‌లో ఎముక గాయమైతే ఆగస్టు హాఫ్ కుదరదు. చలికాలంలో విశాఖ నేవీ మారథాన్‌లో 10కె, లేదా జనవరిలో మీ ఊళ్లో జరిగే ఏదైనా చూసుకోండి.

హైదరాబాద్ రేసును మొదటి రేసుగా ఎంచుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ దారి నిండా ఫ్లైఓవర్లు. ఎక్కుడు ఊపిరి తీస్తుంది, దిగుడు మోకాళ్లు తీస్తుంది. నెక్లెస్ రోడ్డు మీద ప్రాక్టీసు చేసి వెళితే చాలదు. కనీసం ఆరు వారాల ముందు నుంచి వారానికి ఒకసారి ఎత్తుపల్లాల దారి ఉండాలి. రేసు రోజు దిగుడులో చిన్న అడుగులు, బ్రేకు వేయకుండా.

పేరిచ్చే ముందు:

- గత నాలుగు వారాల్లో మర్నాటి పొద్దున మార్కు ఒక్కసారి కూడా 2 దాటలేదు
- రేసు దూరంలో కనీసం మూడొంతుల్లో రెండొంతులు ఒకసారి పరిగెత్తారు
- రేసు బూట్లతో కనీసం నాలుగైదు పరుగులు అయ్యాయి
- టైము లక్ష్యం పెట్టుకోలేదు

డబ్బు ముందే కట్టేసి, కాలు సిద్ధంగా లేకపోతే తక్కువ దూరానికి మార్చుకునే వీలుందేమో గడువు లోపే నిర్వాహకులకు మెయిల్ పెట్టండి. మీ బిబ్ (రేసులో ఛాతీకి పెట్టుకునే నంబరు) ఇంకొకరికి ఇవ్వొద్దు. దాని వెనక రాసి ఉండేది మీ రక్తం గ్రూపు, మీ ఇంటివాళ్ల నంబరు.

రేసయ్యాక వారం రోజులు నడకే. రెండో వారం నుంచి తేలికపాటి పరుగు. పైన తొమ్మిదో భాగంలో చెప్పిన 30 రోజుల లెక్క వేసుకునేటప్పుడు రేసు దూరాన్ని అందులో కలపకండి, దానికి ముందు ప్రాక్టీసులో చేసిన పొడవైన పరుగునే తీసుకోండి.